నీళ్ళలో ఏడడుగులు

మా ఆడపడుచు కూతురు అండమాను వెళ్ళి సముద్రంలోకి దిగడం నేర్చుకుని వచ్చింది. ఈత కాదు సుమండీ! వీపున గాలి సిలిండరు కట్టుకుని, నోట్లో గొట్టం పెట్టుకుని, అడుగున పగడాల మధ్య చేపలతోపాటు తిరిగి రావడం. దాన్ని స్కూబా డైవింగ్ అంటారని యిప్పుడు చిన్నపిల్లలకు కూడా తెలుసు. అది అక్కడున్న వారం రోజులూ వాళ్ళమ్మ సరిగ్గా అన్నం తినలేదు. పిల్ల మాత్రం ఎండకు నల్లబడి, నవ్వుకుంటూ వచ్చి, నాలుగు రోజులు మా యింట్లోనే మకాం పెట్టింది.

ఆ నాలుగు రోజుల్లో అది చెప్పిన కబుర్లలో చేపల సంగతి చాలావరకు మరచిపోయాను. గుర్తున్నది ఒక్కటే. అక్కడ యిద్దరు శిక్షకులు ఒక రబ్బరు గొట్టం రెండడుగులుండాలా, ఏడడుగులుండాలా అని రెండు గంటలు వాదించుకున్నారట. ఒకాయన, ఎవరి వొంటికి తగ్గట్టు వాళ్ళు సామాను అమర్చుకుంటారు, మధ్యలో నీకేమిటి అంటాడట. రెండో ఆయన, అందరికీ ఒకే సామాను, ఒకే చోట, ఒకే తీరుగా వుండాలి, లేకపోతే నాతో నీళ్ళలోకి రావద్దు అంటాడట.

"ఇంతోటి రబ్బరు ముక్కకు అంత రాద్ధాంతమెందుకే?" అన్నాను.

"అది నీకు అర్థం కాదులే అత్తయ్యా! ప్రాణాలతో పని" అంది.

అర్థం కాదంటే నాకు పౌరుషం. అప్పటినించీ యీ విద్య చరిత్ర దొరికినంత చదివాను. చదివిన కొద్దీ, యిది నాకు కాక మరెవరికి అర్థమవుతుంది అనిపించింది. మీకూ అర్థమవుతుంది. ఎందుకంటే యిది అచ్చంగా పోపులపెట్టె తగాదా.

మా అత్తగారి పోపులపెట్టెలో మధ్య గిన్నెలో ఆవాలుండేవి. మా అమ్మ పెట్టెలో ఆ చోట మినప్పప్పు. కరెంటు పోయినా వాళ్ళ చెయ్యి దానంతటదే వెళ్ళి కావలసిన గిన్నెలో పడేది. ఎవరి వంట వాళ్ళు చేసుకున్నంత కాలం యిందులో తగువేమీ లేదు. కాని యిల్లాలు జ్వరంతో మంచమెక్కిన రోజున పక్కింటావిడ సాయానికి వచ్చి, చీకట్లో తడుముకుని, జీలకర్ర అనుకుని మెంతులు గుప్పెడు వేసిందనుకోండి. పులుసు చేదవుతుంది. పోనీలే అని ఆ పూట మజ్జిగతో సరిపెట్టుకుంటాం. నీటి అడుగున, ముప్ఫై నలభై మీటర్ల లోతున, చీకటి గుహలో పక్కవాడి గాలి గొట్టం కోసం తడుముకునేవాడికి మజ్జిగతో సరిపెట్టుకునే వీలు లేదు.

ఈ విద్యకు వయసు పెద్దగా లేదు. రెండో ప్రపంచయుద్ధం రోజుల్లో ఫ్రాన్సులో పెట్రోలు కరువు వచ్చింది. కార్లు గ్యాసుతో నడిపించడానికి ఎమిల్ గాన్యాన్ అనే యింజనీరు ఒక కవాటం తయారుచేశాడు. ఆయన ఎయిర్ లిక్విడ్ అనే కంపెనీలో పనిచేసేవాడు. అదే కంపెనీలో పెద్ద వుద్యోగి కూతురు సిమోన్. ఆమె భర్త జాక్ కూస్తో అనే నౌకాదళ అధికారి. ఇంజనీరు, అధికారి యిద్దరూ కలిసి ఆ కవాటాన్ని మనిషి పీల్చినప్పుడు మాత్రమే గాలి వదిలేటట్టు మార్చారు. 1943లో చలికాలంలో ఒక నదిలో ఒకసారి ప్రయత్నించి, లోపం సరిచేసుకుని, ఆ వేసవిలో మధ్యధరా సముద్రంలో దిగారు. కూస్తో కింద ఈదుతుంటే, నీటి మీద బోర్లా తేలుతూ అద్దాల మాస్కులోంచి అతన్నే చూస్తూ వున్నది సిమోన్. తరువాత వాళ్ళ 'కాలిప్సో' ఓడకు డబ్బు చాలకపోతే నగలమ్మి యింధనం కొన్నది కూడా ఆవిడే అంటారు. ఓడలో అందరికంటే ఎక్కువ రోజులు గడిపింది ఆవిడ, ప్రపంచమంతా పేరు తెలిసింది ఆయనకు. అదలా వుంచండి.

మొదటి పదేళ్ళూ నియమాలన్న మాట లేదు. ఉండడానికి అసలు దుకాణాల్లో సరుకే లేదు. ఎవరికి దొరికిన పట్టీ వాళ్ళు కట్టుకునేవారు, ఎవరికి తోచిన బరువు వాళ్ళు నడుముకు తగిలించుకునేవారు. అమెరికాలో యీ సిలిండర్లు అంగళ్ళలోకి వచ్చాక డబ్బున్నవాడల్లా కొనుక్కుని నేరుగా సముద్రానికి వెళ్ళడం మొదలుపెట్టాడు. కాలిఫోర్నియాలో స్క్రిప్స్ అనే సముద్రశాస్త్ర సంస్థలో కాన్రాడ్ లింబా అనే ఆయన, యిలాగైతే మనుషులు దక్కరని, తన శాస్త్రవేత్తలకు ఒక శిక్షణ క్రమం ఏర్పాటు చేశాడు. అది చూసి 1954లో లాస్ ఏంజెలెస్ కౌంటీ వాళ్ళు మామూలు జనానికి పాఠాలు మొదలుపెట్టారు. 1953లోనే ఇంగ్లండులో బ్రిటిష్ సబ్ ఆక్వా క్లబ్బు పుట్టింది. 1960 నాటికి నౌయి, 1966లో పాడి అనే సంస్థలు వచ్చాయి. మా పిల్ల గర్వంగా చూపించే కార్డు ఆ చివరిదానిదే. కార్డు లేనివాడికి సిలిండరులో గాలి నింపము అనే కట్టుబాటు అప్పటినించే మెల్లగా స్థిరపడింది.

సైగలు కూడా అలాగే స్థిరపడ్డాయి. నీళ్ళలో మాట లేదు కదా! బొటనవేలు పైకెత్తి చూపిస్తే మనకు 'భేషు' అని అర్థం. అక్కడ 'పైకి పోదాం, యిక చాలు' అని. ఇది కొత్తవాళ్ళకు నవ్వులాటగా వుంటుంది గాని, యీ సైగ వెనక ఒక గొప్ప మర్యాద వుంది. ముఖ్యంగా గుహల్లోకి వెళ్ళేవాళ్ళు దీన్ని ప్రాణంలా పాటిస్తారు. జట్టులో ఎవరు బొటనవేలు ఎత్తినా అందరూ వెనక్కి తిరగవలసిందే. ఎందుకు అని అడగకూడదు, పైకి వచ్చాక దెప్పకూడదు. కారణం చెప్పకుండా 'నాకిక చాలు' అనే అధికారం మన యిళ్ళలో ఎంతమందికి వుందో మీరే చెప్పండి!

ఇంత కట్టుదిట్టంగా పాఠాలు మొదలుపెట్టిన ఆ లింబా, 1960లో ఫ్రాన్సులో నీటి అడుగు గుహ ఒకటి చూడడానికి దిగి, దారి తప్పి, తిరిగి రాలేదు. సముద్రంలో ప్రమాదమొస్తే తల పైకెత్తితే ఆకాశం వుంటుంది. గుహలో తల పైకెత్తితే రాయి. అందుకే అసలు తగాదా అంతా గుహల్లోనే పుట్టింది.

అంతకు ముందు గొట్టం సంగతి చెప్పాలి. తొలి రోజుల్లో ఒక మనిషికి ఒకే నోటి గొట్టం. స్నేహితుడి గాలి అయిపోతే నీ నోటిది తీసి అతనికివ్వాలి. అతను రెండు వూపిరులు పీల్చి నీకు తిరిగివ్వాలి. అలా యిచ్చిపుచ్చుకుంటూ పైకి రావాలి. ఈత కొలనులో సాధన చేస్తుంటే చూడముచ్చటగా వుంటుందట. కాని వూపిరి అందని మనిషి, నోట్లో గాలి పడ్డాక, దాన్ని మళ్ళీ బుద్ధిగా తీసి యిస్తాడా? చాలామంది యివ్వలేదు. ఇద్దరూ కలిసి పోయిన సందర్భాలున్నాయి. అందుకని 1970ల తరువాత ప్రతివాడూ రెండో గొట్టం ఒకటి అదనంగా తగిలించుకోవడం అలవాటైంది. మంచిదే. కాని ఎక్కడ తగిలించుకోవాలి? ఒకడు కుడి భుజానికి, ఒకడు ఎడమ జేబులో, ఒకడు నడుము పట్టీలో. ఎవరి పోపులపెట్టె వాళ్ళది. పైగా వాడకుండా వేలాడే ఆ రెండో దాంట్లో యిసుక చేరిందో, పనిచేస్తుందో లేదో ఎవరికి తెలుసు? గాలి అందనివాడు అంత విచారణ చెయ్యడు. ఎదుటివాడి నోట్లో బుడగలు వస్తున్న గొట్టాన్నే లాక్కుంటాడు. అది పనిచేస్తోందని వాడికి కళ్ళకు కనిపిస్తోంది మరి!

ఇక ఫ్లారిడా. అమెరికాలో ఆ రాష్ట్రం కింద సున్నపురాయి నేల జల్లెడలా వుంటుంది. ఊటబావుల్లాంటి నీటిగుండాలు, వాటి అడుగున మైళ్ళ పొడవున సొరంగాలు. నీళ్ళు అద్దంలా తేటగా వుంటాయి. అదే ప్రమాదం. కుర్రవాళ్ళు ఒక సిలిండరు, ఒక టార్చిలైటు పట్టుకుని, కొంచెం దూరమే కదా అని లోపలికి ఈదేవారు. తిరిగే వేళకు కాళ్ళ రెక్కల తాకిడికి అడుగున వున్న మెత్తని వొండ్రు లేచి, నీళ్ళు పాలలా మారేవి. దారి లేదు. 1960లలో, 70లలో అలా పోయినవాళ్ళ లెక్క వందల్లో వుంది. అందులో చాలామంది బయట సముద్రంలో డైవింగు బాగా వచ్చినవాళ్ళే.

షెక్ ఎక్స్‌లే అని అక్కడ లెక్కల మాస్టరు ఒకాయన వుండేవాడు. బడిలో పాఠం చెప్పి, సెలవు దొరికితే గుహల్లో దిగేవాడు. ఆయన ఏం చేశాడంటే, ఆ ప్రమాదాలన్నీ ఒక్కొక్కటే విడదీసి, లెక్కల మాస్టరు తప్పులు దిద్దినట్టు, ఎక్కడ తప్పు జరిగిందో చూశాడు. 1979లో చిన్న పుస్తకంగా అచ్చు వేశాడు. తేలింది మూడు ముక్కలు. గుహ ద్వారం నించి తెగకుండా తాడు పరుచుకుంటూ పోలేదు. తెచ్చుకున్న గాలిలో మూడో వంతు వాడగానే వెనుదిరగలేదు. తమ శక్తికి మించిన లోతుకు వెళ్ళారు. మూడో వంతు పోవడానికి, మూడో వంతు రావడానికి, మిగతా మూడో వంతు తనకు కాదు, పక్కవాడికి ఏదన్నా అయితే వాడికి. నెల జీతంలో మూడో వంతు ముట్టుకోకుండా వుంచే గృహిణి ఎవరైనా వుంటే ఆవిడకు నా నమస్కారం.

ఆ రోజుల్లోనే, ఆ ఫ్లారిడా గుహల్లోనే, విలియం హోగార్త్ మెయిన్ అనే ఆయన తన సామానును తగ్గించుకుంటూ పోయాడు. ఇది అవసరమా, యిది ఎక్కడన్నా చిక్కుకుంటుందా అని ప్రతి కొక్కెమూ ప్రశ్నించడం ఆయనకు అలవాటు. వేలాడేది ఏదీ వుండకూడదు. వీపున ఒక లోహపు పలక, భుజాల మీదుగా ఒకటే పట్టీ, కొలతగా అయిదు రింగులు. గాలి అందనివాడు ఎలాగూ నోట్లోదే లాక్కుంటాడు కనుక, నోట్లోదే యివ్వడానికి సిద్ధంగా పెట్టుకో. దానికి ఏడడుగుల పొడవు గొట్టం అమర్చి, రొమ్ము మీదుగా తిప్పి మెడ వెనక నించి నోటికి తెచ్చుకో. ఇరుకు సందులో యిద్దరు పక్కపక్కన పోలేరు కదా, ఒకరి వెనక ఒకరు పోవాలంటే ఆ పొడవు కావాలి. నీ కోసం రెండోది గడ్డం కింద సాగే తాడుతో హారంలా వేలాడదీసుకో. చేతులు కట్టేసినా, తల వంచి నోటితో అందుకోవచ్చు. ఈ అమరికలో అందరూ తలో చెయ్యి వేశారు గాని, పేరు మాత్రం ఆయన మధ్య పేరుతో 'హోగార్తియన్' అని నిలిచింది.

ఏడడుగులు, మెడలో హారం! నేను నవ్వు ఆపుకోలేకపోయాను. మా పిల్లకు చెబితే, "అవును అత్తయ్యా, యిక్కడ కూడా వూపిరి పంచుకోవడానికే" అంది. ఈ కాలం పిల్లలతో మాట్లాడి గెలవలేం.

చూశారా, యిందులో వింత! ఎవరి యిష్టం వాళ్ళదని అనుకునే కాలంలో ఒక మనిషి తన కోసం తాను చేసుకున్న సొంత సర్దుబాటు అది. దాన్నే తరువాతివాళ్ళు అందరికీ శాసనం చేశారు. టలహాసీ వూరి దగ్గర వకులా అనే పెద్ద నీటిగుండం వుంది. ఆ చుట్టుపక్కల సొరంగాలను కొలవడానికి ఒక జట్టు ఏర్పడింది. అందులో ముఖ్యుడు పార్కర్ టర్నర్ 1991లో అక్కడి ఇండియన్ స్ప్రింగ్స్ గుహలో పోయాడు. తోడు వెళ్ళిన బిల్ గావిన్ మాత్రం ఎలాగో బయటపడ్డాడు. వాళ్ళు నేర్పు లేనివాళ్ళు కారు, నియమం తప్పలేదు. లోపలికి వెళ్ళి వచ్చేసరికి ద్వారం దగ్గర యిసుక జారి దారి మూసుకుపోయింది. అలాంటిదానికి ఏ గొట్టమూ మందు కాదు.

తరువాత 1990లలో ఆ జట్టు పగ్గాలు జార్జి ఇర్విన్ చేతికి వచ్చాయి. ఆయన మాట కరుకు. జట్టులో ప్రతివాడి వొంటి మీద ప్రతి వస్తువూ ఒకే చోట వుండాలన్నాడు. కత్తి యిక్కడ, దీపం యిక్కడ, గాలి కొలిచే గడియారం ఎడమ తుంటి దగ్గర. ఇంకోలా కట్టుకున్నవాడితో నీళ్ళలోకి దిగకపోవడమే మొదటి సూత్రమన్నాడు. దీనికి 'సరిగ్గా చెయ్యి' అనే అర్థమొచ్చే మాటల పొడి అక్షరాలతో 'డి.ఐ.ఆర్.' అని పేరు. అంటే మిగతావాళ్ళంతా తప్పుగా చేస్తున్నారనేగా? పేరులోనే తగువుంది! ప్రపంచంలో డైవింగు చేసేవాళ్ళు రెండు కులాలుగా చీలి, ఒకరి మొహం ఒకరు చూసుకోనంత దాకా వచ్చింది. 1998లో ఆ జట్టువాడే జారడ్ జబ్లాన్‌స్కీ యిదే పద్ధతి నేర్పడానికి జి.యు.యి. అనే సంస్థ పెట్టాడు, గొంతు కొంచెం తగ్గించి.

అంత కరుకుదనం నాకు నచ్చలేదు గాని, వాళ్ళ ఒక మాట దగ్గర ఆగిపోయాను. లోతుకు వెళ్ళేవాళ్ళు రకరకాల వాయువుల సిలిండర్లు మోసుకుపోతారు. లోతులో పీల్చేది వేరు, పైకి వచ్చేటప్పుడు పీల్చేది వేరు. శుద్ధమైన ఆక్సిజన్ ఆరు మీటర్ల కంటే కింద పీలిస్తే మూర్ఛ వచ్చి ప్రాణం పోవచ్చు. ఒకప్పుడు ఎవరికి వాళ్ళు రంగు టేపులు చుట్టి గుర్తు పెట్టుకునేవారు. నాకు ఎరుపంటే ఆక్సిజన్, నీకు ఎరుపంటే యింకోటి. పైగా నీళ్ళలో కొంచెం లోతుకు పోతే ఎరుపు నల్లగా కనిపిస్తుందట. పొరపాటున వేరే సిలిండరు పీల్చి పోయినవాళ్ళున్నారు. ఈ జట్టువాళ్ళు రంగులన్నీ తీసేశారు. ఎంత లోతు వరకు పీల్చవచ్చో ఆ అంకె ఒక్కటే, పెద్ద అక్షరాలతో, పక్కవాడికి కనబడేటట్టు సిలిండరు మీద అంటించారు. పక్కవాడికి! తనకు కాదు. నువ్వు తప్పుది నోట్లో పెట్టుకుంటుంటే ఆపవలసింది వాడు కనుక. 2007 డిసెంబరులో ఆ జట్టువాళ్ళు యిద్దరు ఒక గుంటలో దిగి, 90 మీటర్ల లోతున దాదాపు 11 కిలోమీటర్లు సొరంగంలో ప్రయాణం చేసి, వకులా గుండంలో తేలారు. దాదాపు 20 గంటలు నీళ్ళలోనే వున్నారు.

అయితే అందరికీ అదే వేదమా? ఇంగ్లండు గుహలవాళ్ళను అడిగితే నవ్వుతారు. అక్కడి నీటిగుహలు యిరుకు, చలి, బురద. మోకాళ్ళ మీద పాకుతూ పోతే ఎదురుగా నీళ్ళతో నిండిన కన్నం. 1934 ప్రాంతంలో గ్రాహం బాల్కోంబ్ అనే తంతి తపాలా శాఖ యింజనీరు సైకిలు విడిభాగాలతో, తోటకు నీళ్ళు పట్టే గొట్టంతో వూపిరి పరికరం చేసుకుని స్విల్డన్స్ గుహలో అలాంటి కన్నంలో దూరబోయాడు. అది సాగలేదు. 1936లో ఆయన స్నేహితుడు జాక్ షెపర్డ్ సొంత తయారీ సామానుతోనే ఆ కన్నం దాటాడు. అంత చేసి దాని పొడవు రెండు మీటర్లు! ఈ రోజుల్లో గుహలు చూడవచ్చినవాళ్ళు ముక్కు మూసుకుని, తాడు పట్టుకుని అటు తేలుతున్నారు.

నడుమ 1935లో వాళ్ళంతా వూకీ హోల్ అనే గుహలో ఓడరేవుల గజ యీతగాళ్ళు వాడే పెద్ద రాగి శిరస్త్రాణం, సీసపు బూట్లు వేసుకుని దిగారు. ఆ దుస్తులను ఇంగ్లీషులో 'స్టాండర్డ్ డ్రెస్' అనే అంటారు. అన్నీ కలిపి 80 కిలోలకు పైమాటే. ఆ జట్టులో పెనెలొపీ పావెల్ అనే ఆవిడ కూడా వుంది. అందరూ ముద్దుగా 'మాసీ' అనేవారట. మగవాళ్ళ కొలతకు చేసిన ఆ యినుపగుండు లాంటి దుస్తుల్లో దూరి, ఆవిడ నది అడుగున చీకట్లో నడిచింది. నీటి గుహలో దిగిన మొదటి స్త్రీ ఆవిడే అంటారు.

1946లో బాల్కోంబ్ ఏర్పాటుచేసిన సంఘం యిప్పటికీ నడుస్తోంది. వాళ్ళ పద్ధతి ఫ్లారిడాకు పూర్తిగా ఎదురు. మనిషి పట్టడమే కష్టమైన కన్నంలో స్నేహితుడు వెనక వుంటే సాయం కాదు, అడ్డం. కనుక చాలా చోట్ల ఒంటరిగానే దిగుతారు. రెండు సిలిండర్లు చెరో పక్క, వేటికవి విడిగా. ఒకటి చెడితే రెండోది. ఎవరి వొంటికి ఎలా దూరడం వీలైతే అలా కట్టుకుంటారు. వాళ్ళ పోపులపెట్టెలో యింకొకరి చెయ్యి పడే అవకాశమే లేదు. కనుక వాళ్ళకు ఎవరి తీరు వాళ్ళదే సరైన నియమం. నాకు యిది తెలిశాక ఆ అండమాను శిక్షకులిద్దరి మీదా కొంచెం జాలి వేసింది. ఇద్దరూ సొంత గుహను మనసులో పెట్టుకుని వాదించుకున్నారు.

ఇక మన ఆడవాళ్ళ సంగతి. 'అందరికీ ఒకటే కొలత' అన్న మాట వినగానే నాకు అనుమానం వస్తుంది. ఆ ఒకటి ఎవరి కొలత? చాలాకాలం అది ఆరడుగుల మగవాడిదే. 1952లో బ్రాడ్నర్ అనే భౌతిక శాస్త్రవేత్త నురుగు రబ్బరుతో చలి ఆపే వెట్‌సూటు ఆలోచన చేశాడు. అది వొంటిని అంటుకుని వుంటేనే పనిచేస్తుంది, వదులైతే చల్లటి నీళ్ళు లోపలికి పారుతూనే వుంటాయి. మగవాళ్ళ సూటు తొడుక్కున్న ఆడమనిషి వణుకుతూ దిగవలసిందే. 1955లో లాస్ ఏంజెలెస్ కౌంటీలో డాటీ ఫ్రేజియర్ అనే ఆవిడ శిక్షకురాలిగా నెగ్గింది. ఆ వుద్యోగంలో మొదటి స్త్రీగా ఆవిడ పేరే చెబుతారు. ఆవిడ వూరుకోలేదు. దుకాణం పెట్టి, టేపుతో కొలతలు తీసుకుని, ఎవరి వొంటికి వాళ్ళకు రబ్బరు సూట్లు కుట్టించి యిచ్చింది. 2022లో 99 ఏళ్ళ వయసులో పోయింది.

ఇక్కడ ఆ 'సరిగ్గా చెయ్యి' వాళ్ళ పట్టీ సంగతి చెప్పకపోతే అన్యాయమవుతుంది. దుకాణాల్లో అమ్మే ముస్తాబు జాకెట్లు చిన్న, మధ్య, పెద్ద అని మూడు నాలుగు సైజుల్లో వస్తాయి. ఏ రెంటి మధ్యనో పడే మనిషికి అది ఏడ్పే. అందరూ తిట్టుకునే ఆ కఠిన నియమంవాళ్ళ పట్టీ మాత్రం పన్నెండడుగుల పొడవున్న ఒకే నైలాను పట్టీ, మధ్యలో కుట్టూ లేదు, బకిల్సూ లేవు, నడుము దగ్గర తప్ప. పలకలో దూర్చి, ఎవరి భుజానికి, ఎవరి రొమ్ముకు, ఎవరి నడుముకు తగ్గట్టు వాళ్ళు జరుపుకుని, మిగిలింది కత్తిరించేసుకోవడమే. మా పిల్ల బొమ్మ గీసి చూపిస్తే, "ఓసి పిచ్చిదానా, యిది చీర!" అన్నాను. అందరికీ అదే బట్ట, కుట్టు లేదు, కాని కుచ్చిళ్ళు ఎవరివి వాళ్ళవి. జాకెట్టు మాత్రం ఫ్రేజియర్ గారి లాంటి దర్జీ కుట్టవలసిందే.

పైకి వచ్చే కాలపట్టికలకూ యిదే చిక్కు. లోతులో పీల్చిన గాలిలోని నైట్రోజను వొంట్లో కరుగుతుంది. తొందరపడి పైకి వస్తే గోలీసోడా మూత తీసినట్టు రక్తంలో బుడగలు పుడతాయి. ఎంత నెమ్మదిగా రావాలో 1908లో హాల్డేన్ అనే శాస్త్రజ్ఞుడు పట్టిక వేశాడు, ముందు మేకల మీద పరీక్షించి. 1957 నాటి అమెరికా నౌకాదళం పట్టికలో 60 అడుగుల లోతున 60 నిమిషాలు వుండి తిన్నగా పైకి రావచ్చని వుంది. అది దిట్టమైన పడుచు నావికుల మీద చూసిన లెక్క. యాభై ఏళ్ళ అమ్మమ్మకూ అదే లెక్క ఎలా? 1983లో చేతికి పట్టే చిన్న కంప్యూటరు వచ్చింది. నువ్వు నిజంగా ఎంత లోతున ఎంతసేపు వున్నావో అదే క్షణక్షణం లెక్క కడుతుంది. బాగానే వుంది. కాని జట్టులో ముగ్గురి చేతుల్లో మూడు కంప్యూటర్లు మూడు మాటలు చెబితే? ఒకటి ఆగు అంటుంది, ఒకటి పద అంటుంది. అందుకే ఆ ఫ్లారిడావాళ్ళు అందరికీ కలిపి ఒకే లెక్క ముందుగా వేసుకుని, నోటికి నేర్చుకుని దిగేవారు.

ఇంత చదివాక నా మనసులో నిలిచిపోయింది గొట్టం కాదు, బట్టల క్లిప్పు. అవును, మనం దండెం మీద చీరలకు పెట్టే క్లిప్పే. గుహలో తాడు రెండు దారులుగా చీలిన చోట ఎటు బయటిదో గుర్తుండడానికి తొలి రోజుల్లో తాడుకు బట్టల క్లిప్పు తగిలించేవారు. క్లిప్పు పెట్టినవాడికి తెలుసు అది ఏ వైపు పెట్టాడో. మరొకడు చీకట్లో వచ్చి తడిమితే ఏం తెలుస్తుంది? 1970లలో హోల్జెండార్ఫ్ అనే ఆయన టేపు మడిచి బాణం ఆకారంలో తాడుకు అంటించడం మొదలుపెట్టాడు. తరువాత ఫారెస్ట్ విల్సన్ అనే ఆయన ప్లాస్టిక్ బాణాలు తెచ్చాడు. దీపాలన్నీ ఆరిపోయినా, వేళ్ళతో తడిమితే మొన ఎటు వుందో అటే దగ్గరి బయటి దారి. ఆ బాణం ఎవరిదీ కాదు. అందరూ దాన్ని ఒకేలా చదువుతారు, ఒకేలా పెడతారు. ఇష్టం వచ్చినట్టు తిప్పిపెట్టేవాడిని క్షమించరు.

దానితోపాటు ఇంకోటి కూడా వుంటుంది. గుండ్రటి బిళ్ళ. దానికి మొన లేదు, దారి చెప్పదు. ఎవరి బిళ్ళ వాళ్ళది. మీద పేరులో మొదటి అక్షరం రాసుకుంటారు, కొందరు చేత్తో తడిమినా తెలిసేటట్టు అంచున గాటు పెట్టుకుంటారు. కొందరు యిప్పటికీ దీని బదులు పాత బట్టల క్లిప్పే వాడతారు. లోపలికి వెళ్ళేటప్పుడు చీలిక దగ్గర జట్టులో ప్రతి ఒక్కరూ తన బిళ్ళ తాడుకు తగిలిస్తారు. తిరిగి వచ్చేటప్పుడు ఎవరిది వాళ్ళు తీసుకుంటారు. నీళ్ళు పాలలా మారి, ఒకరికొకరు కనబడకుండా విడిపోయి, తాడు పట్టుకుని తడుముకుంటూ ఆ చీలిక దాకా వచ్చినప్పుడు, వేళ్ళకు తన బిళ్ళ ఒక్కటే తగిలితే మిగతావాళ్ళు ముందే బయటికి వెళ్ళారన్నమాట. రెండు తగిలితే, ఒకరు యింకా లోపలే వున్నారన్నమాట. అప్పుడు తనది తీసుకోకుండా ఆగి, సిలిండరులో ఆ మూడో వంతు ఎంత మిగిలిందో చూసుకుంటారు.